ఆ చీము ఎవరిది

జూన్ 23, సోమవారం

ఇవాళ బాక్టీరియా పెంచిన ప్లేట్లు పద్నాలుగు చదివాను. వాటిలో తొమ్మిదింటి మీద సిప్రో మాత్ర పనిచేయదు. ఆరింటి మీద సూది మందులు కూడా పనిచేయవు. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. నాలుగు మాత్రలు మింగుతారు, జ్వరం తగ్గగానే మిగతావి సొరుగులో పడేస్తారు, మళ్ళీ జ్వరం వస్తే అదే సొరుగు వెతుకుతారు. కడుపులో బాక్టీరియాకి దగ్గరుండి చదువు చెప్పించినట్టు. అది చదువుకుని, ముదిరి, నా ప్లేటు మీద గులాబీ రంగు చుక్కలై కూర్చుంటుంది. పందొమ్మిదేళ్ళుగా ఏలూరులో ఈ ఆసుపత్రి ల్యాబులో నేను చూస్తున్నది ఇదే.

కలిదిండి నుంచి ఒక చెరువుల ఆసామి వచ్చాడు. మూత్రంలో మంట. "ఆ మందు మా రొయ్యలకే కొడతామండీ, నాకు తెలీదా" అన్నాడు. రొయ్యలు నయం, అడిగినప్పుడల్లా మాట్లాడవు.

మధ్యాహ్నం కొత్త పేగుల డాక్టరు మీటింగు పెట్టాడు. కృష్ణచైతన్య అట పేరు. యాంటీబయాటిక్కులు ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు అని గంటసేపు తెర మీద చూపించాడు. నేను ఈ ల్యాబులో చేరినప్పుడు ఇతను తొమ్మిదో తరగతి చదువుతూ ఉండి ఉంటాడు. అందర్నీ "అండీ" అంటాడు, వార్డు ఊడ్చే ఆవిడతో సహా. మంచివాడనిపించుకోవాలని మహా తాపత్రయం.

జూన్ 25

మళ్ళీ వచ్చింది. అదే చోట, కూర్చుంటే నొక్కుకునే ఎడమ పక్క. ఉసిరికాయంత.

విజయవాడ డాక్టరు ఐదేళ్ళ కిందట నా పేగు జబ్బుకి క్రోన్స్ అని పేరు పెట్టి, ఎప్పటికీ మాత్రలు మానొద్దన్నాడు. తొమ్మిది నెలలు వేసుకున్నాను. బాగానే ఉందని మానేశాను. బాగుంటే ఎవరైనా ఎందుకు వేసుకుంటారు? అప్పట్నించి ఏడాదికి మూడు నాలుగు సార్లు ఈ గడ్డ. చెప్పుకునే చోటా అది? ల్యాబులో నన్ను చూసి లేచి నిలబడేవాళ్ళున్నారు. వాళ్ళ ముందు పక్కకి తిరిగి పడుకుని, చీర పైకెత్తి, ఆ కుర్రాడికి చూపించాలా.

సాయంత్రం మా ఊరు తాడేపల్లిగూడెంలో రైలు దిగి వెంకటరత్నం గారి మందుల షాపుకి వెళ్ళాను. ఆయన చీటీ అడగరు. నేనంటే గౌరవం.

"ఎవరికండీ మేడం గారూ?"

"మా ఆయనకి."

"మళ్ళీనాండీ? ముబారక్ గారికి ఒంట్లో వేడి బాగా ఎక్కువండీ. కొబ్బరి నీళ్ళు తాగమనండి."

కౌంటరు వెనక ముప్ఫయ్యేళ్ళు కూర్చుని నేర్చుకున్న వైద్యం అది. సిప్రో, మెట్రో మాత్రలు తీసుకున్నాను. ఐదు రోజులు వేస్తే అణుగుతుంది. జనం తెలియక చేస్తారు. నేను తెలిసి చేస్తున్నాను. రెండూ ఒకటి కాదు.

జూన్ 26

నోరంతా ఇత్తడి చెంబు నాకినట్టుంది. మందు పనిచేస్తున్నట్టే.

జూన్ 28

తగ్గలేదు. రైల్లో సీటు దొరికింది గానీ తలుపు దగ్గరే నిలబడ్డాను, ఏలూరు దాకా. ఎవరో అమ్మాయి జరిగి చోటిచ్చి "కూర్చోండి ఆంటీ" అంది. వద్దన్నాను. జాలి చూపించడానికి పొద్దున్నే తయారవుతారు.

కాళ్ళ వేళ్ళు కూడా తిమ్మిరిగా ఉంటున్నాయి. నలభై ఏడు వచ్చాయి, రావూ మరి.

ఇంట్లో ముబారక్ మిషన్ ఆపి నన్నే చూశారు. ఆయన దర్జీ. మనిషిని కళ్ళతోనే కొలుస్తారు.

"ఒక పక్కకే ఒరిగి కూర్చుంటున్నావేంటి?"

"నడుం పట్టేసింది."

"నాలుగు కిలోలు తగ్గావు జుబేదా. నీ జాకెట్లన్నీ వదులైపోయాయి. మీ ఆసుపత్రిలో కొత్త డాక్టరొచ్చాడన్నావుగా, చూపించుకోరాదూ?"

"ఆయనకి నేనే రిపోర్టులు చదివి చెప్తున్నానండీ."

మళ్ళీ మిషన్ తొక్కుకున్నారు. ఈ మనిషికి వాదించడం చేతకాదు. చేతనైతే ఈపాటికి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవారు.

జూలై 1

ల్యాబు బాత్రూములో పగిలింది.

ముందు నొప్పి తగ్గి హాయిగా అనిపించింది. తర్వాత వాసన. ఆ వాసన నాకు తెలుసు, రోజూ గాజుగొట్టాల్లో వస్తుంది. ఊరికే కడిగెయ్యడానికి మనసొప్పలేదు. స్వాబు పుల్ల తెచ్చుకుని చీము నేనే తీసుకున్నాను. ఇన్నాళ్ళూ ఏ బాక్టీరియా అని కూడా చూడకుండా మందు మింగాను. చూస్తే తప్పేముంది.

ఏ మందుకి లొంగుతుందో చూసే సెన్సిటివిటీ మిషన్‌లో పెట్టాలంటే పేషెంటు నెంబరు కొట్టాలి. నా పేరు కొడితే సాయంత్రానికి క్యాంటీన్‌లో దాకా తెలుస్తుంది. పాత లిస్టు తీశాను. రామలక్ష్మి, ఆడ, 46, కొల్లేటికోట. రెండేళ్ళ కిందట విరేచనాలకి ఒక్కసారి వచ్చింది. అంత దూరం నుంచి మళ్ళీ ఎందుకొస్తుందిలే. ఆ నెంబరే కొట్టాను.

జూలై 3

పెరిగింది ఇ.కోలై బాక్టీరియా. సిప్రోకి లొంగదు. సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగదు. జెంటామైసిన్‌కి లొంగదు. మెరోపెనెంకి లొంగుతుంది, అమికాసిన్‌కి లొంగుతుంది. అంతే.

ఇంకెవరి రిపోర్టైనా అయితే ఈ మహానుభావుడు ఎన్నిసార్లు మందు మధ్యలో మానేశాడో అనుకునేదాన్ని. ఇది ఆసుపత్రిలో పనిచేయడం వల్ల వచ్చింది. మాకు తప్పదు.

మెరోపెనెం సూది ఇంట్లో వేసుకోలేను. ఆ జాతిదే మాత్ర ఒకటుంది, ఫారోపెనెం. వెంకటరత్నం గారిని అడిగితే తెప్పిస్తానన్నారు. "పెద్ద మందండీ అది. ముబారక్ గారు తట్టుకోగలరా?" అని మాత్రం అడిగారు.

జూలై 5

జ్వరం 101. డ్యూటీకి వెళ్ళాను.

జూలై 7, సోమవారం

పొద్దున వచ్చిన రక్తాల్లో ఒక సీసా మీద పేరు: రామలక్ష్మి, 46, కొల్లేటికోట. అదే నెంబరు.

ఆడవాళ్ళ వార్డులో చేర్చారట. రోజుకి పదిహేనుసార్లు నెత్తురు విరేచనాలు, జ్వరం. నర్సుని అడిగి తెలుసుకున్నాను. రెండేళ్ళ నుంచీ ఉన్నట్టుంది, ఊళ్ళో ఎవరో ఇచ్చిన మందుతో నెట్టుకొచ్చింది. పెద్దపేగు అంతా పుండ్లట. అల్సరేటివ్ కొలైటిస్. కొన్నాళ్ళు ఆగి రాకూడదూ ఈవిడ? ఇంకో ఆసుపత్రి దొరకలేదా ఏలూరులో?

కంప్యూటర్‌లో నుంచి ఆ రిపోర్టు తీసెయ్యాలని చూశాను. ఒకసారి ఎక్కితే మాకు తీసే వీల్లేదు. మేనేజరు చెయ్యాలి. కారణం రాయాలి.

జూలై 8

పదింటికి కృష్ణచైతన్య ఫోను.

"జుబేదా గారూ, వార్డులో రామలక్ష్మి గారికి ఒకటో తారీఖున చీము కల్చర్ రిపోర్టు ఉందండీ. ఎవరు పంపారో తెలుసా? ఆవిడ అసలు ఇచ్చిందే లేదంటున్నారు."

"వచ్చిందండీ," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. "బయట ఎక్కడో తీసి పంపి ఉంటారు. చీము ఆ చోటునించి కదండీ, ఆడవాళ్ళు అంత తొందరగా ఒప్పుకోరు."

"అదీ నిజమేనండీ. లోపల ఇంత ముదురు చీముండగా పేగు పుండ్లకి వాడే స్టెరాయిడ్ ఇస్తే ఒళ్ళంతా పాకిపోతుంది. ముందు అదెక్కడుందో పట్టుకోవాలి. స్కాన్ చేయిస్తాను. ఈలోపు మెరోపెనెం మొదలుపెడతాను. థాంక్సండీ."

థాంక్స్ అట. అడిగితే చెప్పింది నమ్మేసేవాడు డాక్టరేంటి? గదమాయించి అడగాలి కదా. గట్టిగా అడిగుంటే చెప్పేదాన్నేమో.

సాయంత్రం రామలక్ష్మి కూతురు ల్యాబు కిటికీ దగ్గరకొచ్చింది. లహరి అట. ఇరవయ్యేళ్ళుంటాయి, చేతిలో ఫైలు.

"మేడం, మా అమ్మకి చీమెప్పుడు తీశారండీ? ఒకటో తారీఖున మా అమ్మ చెరువు మీద పనిలో ఉందండీ. నేను పక్కనే ఉన్నాను."

"అన్నీ పిల్లలకి చెప్పుకుంటారా అమ్మా? మీ అమ్మనే అడుగు."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "సరేనండీ" అని వెళ్ళిపోయింది. అంత తొందరగా నమ్మితే నేనేం చెయ్యను.

జూలై 9

స్కానులో చీము కనపడలేదు. రేపు ఎమ్మారై అట. స్టెరాయిడ్ ఇంకా మొదలవ్వలేదు. ఆవిడ హీమోగ్లోబిన్ 7.9. రేపు నిజం చెప్తాను.

జూలై 10, గురువారం

6.6. నేనే చదివాను. మిషన్ తప్పేమోనని రెండోసారి పెట్టాను. 6.5.

డాక్టరు గదికి వెళ్ళాను. లోపల ఎవరూ లేరు.

"రండి జుబేదా గారూ, కూర్చోండి."

నిలబడే చెప్పాను. "ఆ చీము రామలక్ష్మిది కాదండీ. నెంబరు నేనే తప్పు కొట్టాను. తెలిసే కొట్టాను. ఆవిడకి చీము లేదు."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఫోనెత్తి వార్డుకి చేశాడు. మెరోపెనెం ఆపెయ్యండి, స్టెరాయిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి, రక్తం రెండు బాటిళ్ళు. పెట్టేశాక నా వైపు తిరిగాడు.

"మొన్న నేనడిగినప్పుడు మీకు తెలుసాండీ?"

"తెలుసు."

"సరేనండీ. మరి ఆ చీము ఎవరిదండీ?"

కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

"మీరెందుకు కూర్చోవట్లేదండీ?"

ముప్ఫై మూడేళ్ళ కుర్రాడు. పందొమ్మిదేళ్ళు నేను పనిచేసిన ఆసుపత్రి. గోడ వైపు తిరిగి ఏడ్చాను. అతను లేచి తలుపు గడియ పెట్టి, ఆడ నర్సుని పిలిచాడు. ఒక్క మాట అనలేదు. నేను ఇన్నాళ్ళూ అందరినీ అన్నవాటిలో ఒక్కటి కూడా అనలేదు. అదే సహించలేకపోయాను.

జూలై 11

నన్నూ ఆడవాళ్ళ వార్డులోనే చేర్చారు. ముబారక్ రాత్రి బండికి వచ్చారు. నిన్ననే సర్జను మత్తిచ్చి చీమంతా తీశారు, గిన్నెడు. పేగు నుంచి చర్మం దాకా దారి పడిందట. అది పైపైన మూసుకుని లోపల చీము పట్టకుండా అందులోంచి ఒక దారం వేసి ముడేశారు. నెలల తరబడి ఉంటుంది. దర్జీ పెళ్ళానికి దారం.

కృష్ణచైతన్య మంచం పక్కన నిలబడి చెప్పాడు. చీము తియ్యకుండా మాత్రలు ఎన్ని మింగినా గడ్డ లోపలికి మందు సరిగా వెళ్ళదు, బయట ఉన్న బాక్టీరియాకి మాత్రం అలవాటు చేస్తుంది. ఇప్పుడు మెరోపెనెం కొన్ని రోజులు. చీము పూర్తిగా పోయాక పేగు జబ్బుకి అసలు మందు. కాళ్ళ తిమ్మిరి వయసు వల్ల కాదు, ఏళ్ళ తరబడి మెట్రో వేసుకోవడం వల్ల. తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు.

ఇవన్నీ నాకు తెలుసు. ఒక్కొక్కటీ ముందే తెలుసు. అతను చెప్తుంటే, తెలియనిదానిలా తలూపాను.

ముబారక్ అడిగిందొక్కటే. "వెంకటరత్నం గారు నన్ను కొబ్బరి నీళ్ళు తాగమంటుంటే, ఎందుకా అనుకున్నాను. నా పేరు మీద కొనేదానివా?"

జూలై 12

రామలక్ష్మికి ఎవరో ఒకరు చెప్పాలన్నాడు డాక్టరు. "నేను చెప్తానండీ, లేదా మీరు చెప్పండి. చెప్పకుండా మాత్రం ఉండలేం."

సెలైన్ స్టాండు తోసుకుంటూ నేనే వెళ్ళాను. నాలుగు మంచాల అవతలే. సన్నగా, నల్లగా, ఎముకలు తేలిన మనిషి. లహరి తల దువ్వుతోంది. నేనెవరో చెప్పాను. చేసింది చెప్పాను. ఎందుకు చేశానో చెప్పబోతే రామలక్ష్మి చెయ్యెత్తి ఆపింది.

"ఆ కంప్యూటర్‌లో ఎంతమంది పేర్లుంటాయండీ?"

"చాలామందివి."

"అన్నిట్లో నా పేరే దొరికిందాండీ మీకు?"

కొల్లేటికోట వాళ్ళు మళ్ళీ ఎవరొస్తారులే అనుకున్నానని చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

లహరి దువ్వెన పక్కన పెట్టింది. "మీ అమ్మనే అడుగు అన్నారండీ మీరు. అడిగాను. రెండు రోజులు అడుగుతూనే ఉన్నాను. ఎందుకు దాస్తున్నావు, సిగ్గు కోసం చచ్చిపోతావా అని తిట్టాను కూడా. ఏడ్చిందండీ. నాకేం లేదే, లేదే అని ఒట్లేసింది. నమ్మలేదు నేను." నా మొహంలోకి చూసింది. "మీరు పెద్దావిడ కదాని మిమ్మల్ని నమ్మానండీ."

తిరిగి మంచం దాకా రావడానికి చాలాసేపు పట్టింది.

జూలై 14

రామలక్ష్మికి స్టెరాయిడ్‌తో నెత్తురు ఆగలేదు. ఆవిడని విజయవాడ పంపారు. అంబులెన్సు వెళ్ళడం కిటికీలోంచి చూశాను.

జూలై 17

పెద్దపేగు మొత్తం తీసేశారట. మలం పడటానికి కడుపు మీద సంచి. బతికింది.

జూలై 19

నాకు డిశ్చార్జి. మేనేజరు కాగితం ముందు పెట్టాడు, నేనే ఉద్యోగం మానేస్తున్నట్టు రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. అసలు జరిగింది రాయకుండా నన్ను కాపాడాననుకుంటున్నాడు. ఆసుపత్రి పేరు కాపాడుకుంటున్నాడు. కృష్ణచైతన్య మాత్రం రిపోర్టు తప్పని, దానివల్ల రెండు రోజులు ఆలస్యమైందని రామలక్ష్మి ఫైల్లో తన చేత్తో రాసి, కాపీ లహరికిచ్చాడట. మేనేజరు మండిపడుతున్నాడు. అతని ఉద్యోగానికీ ఎసరు రావచ్చు.

వెళ్ళేముందు అతన్ని అడిగాను. "ఆ రెండు రోజులు ముందే స్టెరాయిడ్ ఇచ్చుంటే ఆవిడ పేగు ఉండేదాండీ?"

"చెప్పలేమండీ."

"మీరనుకునేది చెప్పండి."

"కొంతమందికి ముందే ఇచ్చినా ఆగదండీ. కొంతమందికి ఆగుతుంది. ఈవిడ ఎవరిలో ఉండేవారో ఇప్పుడెవరూ చెప్పలేరు."

నీవల్లే అంటాడేమోనని భయపడ్డాను. నీవల్ల కాదంటాడేమోనని ఆశపడ్డాను. రెండిట్లో ఏదన్నా అతని మీద కోపం తెచ్చుకోగలిగేదాన్ని.

ఆగస్టు 5

వెంకటరత్నం గారు ఎదురుపడి "ముబారక్ గారికెలా ఉందండీ?" అన్నారు. "ఆయనకెప్పుడూ ఏం లేదండీ, ఆ మందులన్నీ నేనే వేసుకున్నాను" అన్నాను. "అలాగాండీ, పోనీ మీకు కావాలంటే కూడా తెప్పిస్తాను" అన్నారు.

ఆగస్టు 18

పేగు జబ్బుకి సూదులు మొదలయ్యాయి. కూర్చోగలుగుతున్నాను. ముబారక్ జాకెట్లన్నీ కుట్లు విప్పి బిగించి కుట్టారు. ఇప్పుడవి పడుతున్నాయి. ఆయన ఇంకా సరిగా మాట్లాడటం లేదు. కుట్టుపని మాత్రం చేసిపెడతారు.

సెప్టెంబరు 21, ఆదివారం

కొల్లేటికోట వెళ్ళాను. ముబారక్ వద్దన్నారు. "నువ్వెళ్ళేది ఆవిడ కోసం కాదు" అన్నారు. ఆయనకి ఇంత మాట ఎలా తెలిసిందో.

కైకలూరు బస్సెక్కి, ఆలపాడులో దిగి, ఆటో మాట్లాడుకున్నాను. రెండు పక్కలా చెరువులే. ఆటోలో మనసులో అన్నీ సర్దుకున్నాను. క్షమించండి అనాలా, ఏం కావాలన్నా చేస్తాననాలా, లహరిని దగ్గరికి తీసుకోవాలా. ఆవిడ ఏడుస్తుందని, నేనూ ఏడుస్తానని, ఆ తర్వాత ఇద్దరికీ కాస్త తేలికవుతుందని. పళ్ళు కూడా తీసుకెళ్ళాను. ఆ పళ్ళు ఆవిడ తినొచ్చో కూడదో ఆలోచించలేదు.

ఇంటి దగ్గర లేదు. గట్టు మీద చేపల కాటా దగ్గర ఉందన్నారు. ఎండ. లారీ ఒకటి ఆగి ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు చేపలు ఏరి ట్రేల్లో సర్దుతున్నారు, పైన ఐసు వేస్తున్నారు. రామలక్ష్మి ఒక పక్కన పీట మీద కూర్చుని సైజులు వేరుచేస్తోంది. బరువులు ఎత్తట్లేదు. నన్ను గుర్తుపట్టింది. చేతులు ఆగలేదు.

"ఎందుకొచ్చారండీ?"

"ఒకసారి మిమ్మల్ని చూసి పోదామని."

చేతిలో చేప ట్రేలో పెట్టింది. నీళ్ళల్లో చేతులు కడుక్కుంది. పీట మీంచి నెమ్మదిగా లేచి, నడుం దగ్గర పైట పక్కకి తీసింది. కుడి పక్కన సంచి. అందరిముందూ. పని చేస్తున్న ఆడవాళ్ళెవరూ అటు చూడలేదు, వాళ్ళకది అలవాటైపోయినట్టుంది. నేనొక్కదాన్నే చూశాను. నేను కళ్ళు దించుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. సిగ్గుపడలేదు, కోపంగా లేదు. ఎవరో అడిగిన కాగితం చూపిస్తున్నట్టుంది.

"చూశారు కదండీ," అని పైట సర్దుకుని కూర్చుంది.

తెచ్చిన పళ్ళు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. లారీ మీంచి ఎవరో తొందరగా కానియ్యమని కేకేశారు. రామలక్ష్మి మళ్ళీ తలెత్తింది. ఈసారి మాట ఇంకా మెత్తగా ఉంది.

"కాస్త పక్కకి జరగండి. ట్రేలు పెట్టుకోవాలి."

జరిగాను.